అవ్వ చెప్పిన కలుపు

పోయిన ఆదివారం మీ గుడిలో ఎవరు లేరో చెప్పగలరా? వచ్చినవాళ్ళ గురించి కాదు నేను అడుగుతున్నది. వచ్చినవాళ్ళు కళ్ళకు కనబడతారు, కొత్త చీర కట్టుకుంటే ఇంకా బాగా కనబడతారు. రానివాళ్ళ గురించి అడుగుతున్నాను. ఒకప్పుడు మీ పక్కన కూర్చుని, మీ బిడ్డ ఏడిస్తే ఎత్తుకుని బయట తిప్పి, ఇప్పుడు వీధిలో ఎదురైతే తల వంచుకుని పోయే మనిషి ఒకరు ఉంటారు. ఆ పేరు చెప్పండి. గుర్తు రాకపోతే ఆ ఖాళీ చోటు మీకు అలవాటైపోయిందన్నమాట. సంఘానికి పట్టే జబ్బులన్నిటిలోకీ నేను భయపడేది ఆ అలవాటుకే.

మా గుడిలో లేని మనిషి పేరు నాకు తెలుసు. ఆమె మా చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు. ఆమెను బయటికి పంపిన మాట నా నోటి నుంచి వచ్చింది.

కోవిల్‌పట్టిలో మాది అగ్గిపెట్టెల పనివాళ్ళ వీధి. ఫ్యాక్టరీని మావాళ్ళు ఆపీసు అంటారు, చర్చిని గుడి అంటారు. విరుదునగర్ కాలేజీలో చేరిన కొత్తలో "అమ్మ ఆపీసుకు పోతుంది" అని చెబితే, నా తోటివాళ్ళు మా అమ్మ ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెడుతుందనుకున్నారు. నేను కాదనలేదు. అమ్మ నేల మీద కూర్చుని చెక్క చట్రంలో పుల్లలు పేర్చేది. చిన్నమ్మ ఆ పుల్లల తలలను మందులో ముంచే గదిలో పనిచేసేది. సాయంత్రం ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి ఇంట్లో మందు వాసన నిండేది. మాకు అదే అమ్మ వాసన.

ఇంట్లో మేం తెలుగే మాట్లాడుకునేవాళ్ళం. గడప దాటితే తమిళం. బడి, కూలి, పాట, జపమని మేం పిలిచే ప్రార్థన, అన్నీ తమిళంలోనే. దేవుడికి తెలుగు రాదని చిన్నప్పుడు గట్టిగా నమ్మాను. మా తెలుగు చెవితో నేర్చుకున్నది. దాన్ని రాసేవాళ్ళు గాని చదివేవాళ్ళు గాని మా వీధిలో లేరు. ఈ అక్షరాలు నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

అమ్మమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆమె నాగలాపురం పక్కన నల్లరేగడి పల్లెలో, ఇతరుల పత్తిచేలల్లో కలుపు తీస్తూ పెరిగింది. వరసగా వానలు లేని కాలంలో ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని కోవిల్‌పట్టికి వచ్చి ఆపీసులో చేరింది. మా వీధి చివర గుడి కట్టినప్పుడు పని దిగాక ఇటుకలు మోసింది. ఆ గుడిలో ప్రభువు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, మొట్టమొదట మోకరించినవాళ్ళలో చివరికి మిగిలింది ఆమె ఒక్కతే. అందుకే ఏ తగవు వచ్చినా "అవ్వనడుగుదాం" అనడం మావాళ్ళకు అలవాటు. ఆమె ఏదో ఒకటి చెప్పేది, గొడవ అక్కడితో సర్దుకునేది. ఆ అలవాటులో ఉన్న ప్రమాదం ఎవరికీ తోచలేదు. అందరి బదులూ ఒక ముసలామె ఆలోచిస్తూ ఉంటే మిగిలినవాళ్ళు ఎదగరు. మేం ఎదగలేదు.

నేను విరుదునగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అక్కడ మా తమిళం మేష్టారు సంస్కరణ సభల్లో మాట్లాడే మనిషి. ఆయనే నన్ను వాదానికి దింపాడు. దేవుడు ఉన్నాడా, కులానికి శాస్త్రం ఆధారమా, స్త్రీకి చదువా వంటిల్లా, ఏ పక్షం ఇస్తే ఆ పక్షం మాట్లాడి గెలిచేదాన్ని. ఆయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు. వాదానికి దిగేముందు ఎదుటి మనిషి ఏ మాట వాడాడో, దానితో ఏం చెప్పదలుచుకున్నాడో అతన్నే అడుగు. నోటుపుస్తకం మొదటి పేజీలో అది రాసుకున్నాను. గెలుపులు ఎక్కువయ్యాక ఆ పేజీ తిప్పి చూడలేదు.

శనివారాల్లో సాత్తూరు మీదుగా వచ్చే బస్సు దిగి ఇంటికి వెళితే చిన్నమ్మ గడపలోనే పట్టుకునేది.

"ఏమే పాపా, ఈ వారం ఎవుర్ని ఏడిపిస్తివి?"

"పరలోకం లేదన్నవాణ్ణి ఓడించాను చిన్నమ్మా."

"నల్లదే, మంచి పనే. పోయిన వారం?"

"ఉందన్నవాణ్ణి."

ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. "అయితే నీకు ఈ పక్కా లేదు, ఆ పక్కా లేదు. బస్టాండులో నిలబడినట్ట నిలబడుండు. ఏ బస్సు వొచ్చినా నీది కాదు."

మళ్ళీ ఆదివారం సాయంత్రం బయలుదేరేటప్పుడు వేరుశనగ అచ్చులు కాగితంలో చుట్టి సంచిలో పెట్టేది. పెళ్ళయి అదే వీధిలో వేరే ఇంట్లో కాపురం ఉండేది, కాని ఆమెకు పిల్లలు లేరు. ఉన్నది నేనే.

తొంభైల నడుమ ఆ నవ్వు మధ్యలో ఆయాసం మొదలైంది. నాలుగు మాటలకు ఒకసారి ఆగేది. పెద్దాసుపత్రిలో మాత్రలు ఇచ్చారు. మందు గది మానమని కూడా చెప్పారు, కాని మానితే తిండి ఎలా అన్నది వాళ్ళు చెప్పలేదు. అప్పుడు ఎవరో ఆమెను బస్టాండు వెనక, రోగాలకు ప్రార్థన చేసే వేరే సభవాళ్ళ జపాల హాలుకు తీసుకుపోయారు. అక్కడ తల మీద చేతులు పెట్టి గంటసేపు జపం చేశారట. చాలా రోజుల తర్వాత ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.

నేను దాన్ని అద్భుతం అనలేదు, ఇప్పుడూ అనను. జపాలకు పోతూ రెండు వారాలు మందు గదికి పోలేదు కాబట్టి ఊపిరి తేలికైందన్నాను. ఆ సంగతి ఆమెతో నాలుగుసార్లు వాదించాను. ఆమె మాత్రలు మింగడం మాని, పొట్లం చూరులో దోపేసింది. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. దాని అడుగున భయం ఉంది. ఆమె చచ్చిపోతుందని భయం. కాని భయాన్ని భయంగా ఒప్పుకోవడం నా చదువులో లేదు. అది వాదంగా మారింది, తర్వాత అసహ్యంగా మారింది.

కొన్ని నెలల్లో మా గుడి కుటుంబాలు తొమ్మిది ఆ హాలుకు పోవడం మొదలుపెట్టాయి. ఒకరోజు వ్యాను కట్టుకుని తూత్తుకుడి పోయి, మా గుడిలో చిన్నప్పుడు తీసుకున్నది చెల్లదని, సముద్రంలో మునిగి రెండోసారి బాప్తీస్మం తీసుకుని వచ్చారు. మరుసటి ఆదివారం మా గుడికే వచ్చారు. వాళ్ళు గుడి మానలేదు, ఈ సంగతి గుర్తుంచుకోండి. వచ్చి వెనక బెంచీల్లో కూర్చుని, పాటకు చప్పట్లు కొట్టారు.

గుడి సెక్రటరీని వీధి పిల్లలమంతా మామ అనేవాళ్ళం. ఆయన ఆ రోజు మెట్ల దగ్గర చిన్నమ్మను ఆపాడు. "ఏమ్మా, సముద్రంలో మునిగి వొస్తివంటనే. ఉప్పు బాగా పట్టిందా?"

"పట్టిందన్నా," అంది చిన్నమ్మ. "నీ నోట్లో కొంచం ఎయ్యమంటావా? సప్పగా ఉండాది."

మెట్ల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు, కాని ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

తర్వాత నెలల్లో ఒక్కొక్కటే జరిగాయి. ప్రభువు బల్ల దగ్గర ముందు బెంచీవాళ్ళు వాళ్ళ పక్కన మోకరించకుండా జరిగి కూర్చున్నారు. హాలులో మా గుడిని చచ్చిన సభ అని పేరుపెట్టి జపం చేశారు. వీధి కుళాయి దగ్గర బిందెలు రెండు వరుసలయ్యాయి. పెళ్ళి పిలుపులు ఆగిపోయాయి. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. కొట్టుకుని ఉంటే మంచిదేమో, ఎవరో ఒకరు విడదీసేవారు.

ఆ సమయంలోనే అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. దాంతో తమిళం కూడా పోయింది. ఆసుపత్రిలో నర్సు తమిళంలో అడిగితే, గోడ వైపు చూసినట్టు చూసింది. ముప్పై ఏళ్ళు ఆ భాషలో పాడిన మనిషి. మిగిలింది పల్లెలో నేర్చిన తెలుగే, అదీ ఒకటి రెండు మాటలు, నాలుక తిరగక ముద్దముద్దగా. నాకు కాలేజీ సెలవులు. గంజి తాగించేది, ఒళ్ళు తుడిచేది నేనే. ఆమె మాట పోల్చుకోవడం నాకు అలవాటైంది.

మా పాస్టరయ్య దక్షిణాన సముద్రపు పక్క ఊరివాడు, తమిళం తప్ప మరో భాష రాదు. ఆయన ఒక ఆదివారం గోధుమ చేనులో పగవాడు కలుపు చల్లిన కథ మీద ప్రసంగించాడు. కలుపు గురించి, అది ఎలా పైరులాగే కనబడుతుందో, దాని వేరు పైరు బలాన్ని ఎలా దొంగిలిస్తుందో చాలాసేపు చెప్పాడు. ఆ కథలో చేను యజమాని, ఇప్పుడు పీకొద్దు, పైరు కూడా వస్తుంది, కోతదాకా రెండూ ఎదగనివ్వండి అంటాడు. ఆ సగం ఆయన ఆ రోజు చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఆ కథ విన్న గుడినిండా జనంలో ఒక్కరైనా "ఐయా, మిగిలిన సగం ఏమైంది?" అని అడగలేదు. నేనూ ఉన్నాను. ఆయన వాక్యాల్లో తప్పులు ఏరుతూ కూర్చున్నాను.

ఆ వారమే కమిటీ కూర్చుంది. ఆ తొమ్మిది కుటుంబాలను సభ్యుల రిజిస్టరులో ఉంచాలా, తీసేయాలా? పేరు పోతే ప్రభువు బల్ల దగ్గర చోటు పోతుంది. తేలలేదు. చివరికి రెండు పక్షాలూ పాత దారికే వచ్చాయి. అవ్వనడుగుదాం. ఆమె మాట మాకు ఎవరు చెబుతారు? నన్ను ఒప్పుకున్నారు. హాలువాళ్ళు తమ తరఫున మనిషిని కూడా పంపలేదు. "ఆ పాప చాలు. అది ఈ పక్క మనిషీ కాదు, ఆ పక్క మనిషీ కాదు. అబద్దం చెప్పదు," అన్నారట. అన్నది చిన్నమ్మే అని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం మూడు గంటలకు పాస్టరయ్య, సెక్రటరీ మామ మా ఇంటికి వచ్చారు. అమ్మ, చిన్నమ్మ ఆపీసుల్లో ఉన్నారు. బయట ఎండ తెల్లగా కాస్తోంది. అవ్వ కోరచాప మీద ఉంది. నేను ఆమె చెవి దగ్గర కూర్చుని తెలుగులో అడిగాను.

"అవ్వా, గుడిలో రెండు పక్కలుగా అయినారు. హాలుకు పోయే వాండ్లను ఏం చెయ్యాల?"

ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. తర్వాత పెదవులు కదిలాయి.

"కలుపు," అంది.

మళ్ళీ అంది. "కలుపు." ఎడమ చెయ్యి చాప మీద కదిలింది. చాప చివరి నుంచి తన వైపుకు లాక్కుంది. మళ్ళీ చాచింది, మళ్ళీ లాక్కుంది.

"ఎన్న సొల్రాంగ?" అని పాస్టరయ్య తమిళంలో అడిగాడు. ఏం చెబుతున్నారని.

నేను తమిళంలో ఒకే మాట చెప్పాను. "కళై."

తెలుగు తెలిసినవాళ్ళకు నేను వివరించక్కర్లేదు. కలుపు అంటే చేలో పెరిగే పిచ్చి మొక్క. కలుపు అంటే విడిగా ఉన్నవాటిని ఒకటి చెయ్యి అని కూడా. కళై అంటే తమిళంలో పిచ్చి మొక్కే, ఒకటి చెయ్యి అన్న అర్థం దానికి లేదు. ఆ గదిలో, ఆ ఒక్క క్షణంలో అవ్వ మాటకు ఒక కాలు తెగిపోయింది. తెంచింది నేను.

రెండో అర్థం ఆ క్షణంలో నాకు తట్టలేదని ప్రమాణం చేయలేను. తట్టి ఉంటుంది. రోజుకు పదిసార్లు వాడే మాట అది. అన్నంలో పప్పు కలుపు, పిండిలో నీళ్ళు కలుపు అనే ఇంట్లో పుట్టాను. కాని నా తల నిండా ఆ ఆదివారం ప్రసంగం ఉంది. చూరులో దోపిన మాత్రల పొట్లం ఉంది. వాళ్ళు పోవాలని నాకు ఉంది. ఆధారం లేనిదే ఏదీ నమ్మనని సభల్లో చెప్పుకునేదాన్ని, నాకు కావలసింది విన్నాను. "అవ్వా, నువ్వు అంటున్నది ఇదా, అదా?" అని ఇంకొక్క ప్రశ్న అడగడానికి ఎంతసేపు పడుతుంది?

సెక్రటరీ మామకు తెలుగు వచ్చు. ఆయనా విన్నాడు. "అవును ఐయా, కళైదాన్. చెయ్యి చూడండి, పీకి చూపిస్తోంది," అని తమిళంలో అన్నాడు. పాస్టరయ్య తలవంచి చిన్న జపం చేసి లేచాడు. అవ్వ నా మొహం వైపు, వాళ్ళ వైపు చూసింది. మేం మాట్లాడిన భాష ఆమెకు అందడం లేదు. వాళ్ళు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాక కూడా ఆమె చెయ్యి ఆగలేదు.

మరుసటి ఆదివారం రిజిస్టరులో తొమ్మిది కుటుంబాల మీద ఎర్ర సిరాతో గీతలు పడ్డాయి.

ఆ సాయంత్రం చిన్నమ్మ మా గడప దగ్గరకు వచ్చింది. లోపలికి రాలేదు. ఆయాసం తగ్గేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.

"నీ నోట్లోనించే వొచ్చిందంట."

"అవ్వ ఏమన్నదో అదే చెప్పాను చిన్నమ్మా."

"అమ్మ నన్నేనా కలుపు అనింది?"

నా జీవితంలో నోరు మూసుకున్న వాదం అదొక్కటే. అక్కడే నోరు తెరవాల్సింది.

"సరి," అంది. తలుపు వదిలి వెళ్ళిపోయింది. కన్నతల్లి తనను పిచ్చి మొక్క అన్నదని నమ్మి వెళ్ళింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

అవ్వ రెండు నెలలు బతికింది. ఎవరి అడుగు చప్పుడైనా తల తలుపు వైపు తిరిగేది. ఎడమ చెయ్యి చాప మీద అలా లాగుతూనే ఉండేది. ఆ పక్క చాప అల్లిక ఊడిపోయి కోరపోచలు లేచాయి. నరాల జబ్బు అని నేను అమ్మకు చెప్పాను. అన్నిటికీ నా దగ్గర కారణాలు ఉండేవి.

భూస్థాపన రోజు చిన్నమ్మ వచ్చింది. శ్మశానం గేటు బయట, గోడ పక్కన నిలబడింది. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "రా. నిన్నెవురు ఒద్దనిరి?"

"కలుపుకు లోపల ఏం పనిక్కా?" అంది చిన్నమ్మ.

మన్ను పడే చప్పుడు ఆమె గోడ అవతల నుంచి వింది.

ఆ తర్వాత మా గుడిలో ఎర్ర పెన్ను మూత పడలేదు. హాలువాళ్ళ ఇంట్లో పెళ్ళికి వెళ్ళినందుకు రెండు కుటుంబాలు పోయాయి. సెక్రటరీ మామ మీద ఎదురు నిలబడిన ఒకాయన పోయాడు. ఆయనతో పాటు ఆయన తమ్ముళ్ళు. అటు హాలు కూడా రెండైంది, ఎవరి బాప్తీస్మం చెల్లుతుంది అన్న దాని మీద. ఒక్కసారి పీకడం మొదలయ్యాక, చేతికి అందినదల్లా కలుపులాగే కనబడింది. ఒకప్పుడు చోటు చాలక కిటికీల దగ్గర నిలబడే గుడిలో పాట మొదలెడితే గొంతులు విడివిడిగా వినబడేవి. ఎవరి గొంతు ఏదో పోల్చవచ్చు. అంత పల్చబడింది.

నేను విరుదునగర్‌లో బడిలో ఉద్యోగం చేసుకుంటూ, మూఢనమ్మకాల మీద పత్రికలకు వ్యాసాలు రాస్తూ ఉన్నాను. మా ఊరి గుడిని కూడా వెక్కిరించి రాశాను. చీలికకు కారణం అజ్ఞానం అని రాశాను. ఎవరి అజ్ఞానమో రాయలేదు.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక ఒక సెలవురోజు ఇంటికి వెళ్ళాను. అమ్మ ఆపీసు మాని, పుల్లలు ఇంటికి తెచ్చుకుని పేర్చేది. ఆ రోజు అరుగు మీద పక్కింటామెతో కూర్చుంది. ఇద్దరి ముందూ వేరువేరు కుప్పలు. చివరికి రెండూ అరకొరగా మిగిలాయి, ఏదీ ఒక చట్రానికి చాలదు.

"నీది నాది అని ఏల ఇంకా?" అంది అమ్మ. "కలుపు."

పక్కింటామెకు చెవులు మందం. వినలేదు. "కలుపు, కలుపు," అని అమ్మ అరచేతి అంచును నేలకు ఆనించి, రెండు కుప్పలనూ తన వైపుకు లాక్కుంది. మళ్ళీ చెయ్యి చాచి, చెల్లాచెదురుగా ఉన్నవాటిని కూడా లాక్కుంది.

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. కింద పెట్టేశాను. కలుపు తీసేవాళ్ళు వేళ్ళతో పట్టి పైకి పీకుతారు. అవ్వ వేళ్ళు ఆ రోజు మూసుకోలేదు. ఆమె అరచెయ్యి నిలువుగా, అంచు మీద ఉంది. చాపను గీరుతూ దగ్గరికి లాక్కుంది. రెండు నెలలు, చాప చిరిగేదాకా ఆమె పుల్లలు ఒకచోట చేర్చింది.

అమ్మకు అంతా చెప్పాను. ఆమె పుల్లలు పేర్చడం ఆపలేదు.

"ఆ దినం నేను ఇంట్లో ఉండుంటే తెలిసుండేది," అంది. "ఆపీసులో ఉంటి. ఎవురన్నా సాయంత్రందాకా ఆగినారా? నన్నెవురన్నా అడిగినారా?"

"లేదమ్మా."

"నువ్వు పెద్ద సదువు సదివితివి కదా. నాకు తెలిసింది కూడా నిన్నడగాలని అనుకుంటి. నీకు తెలవంది నన్నడగాలని నీకు తోచలే."

చిన్నమ్మ రైలుకట్ట అవతల చిన్న ఇంట్లో ఉంటోంది. ఆయాసం ముదిరి మంచం మీద కూర్చునే నిద్రపోతుంది. హాలువాళ్ళే మాత్రలు కొని తెచ్చి ఇస్తున్నారు. ఇది చూసి నేను తల దించుకున్నాను. వాళ్ళ గురించి నేను రాసిన వ్యాసాల్లో ఈ సంగతి లేదు. ఆమెకు అంతా చెప్పాను. అరచెయ్యి నేల మీద పెట్టి చూపించాను.

"ఇన్నేండ్లు," అంది. తర్వాత, "నీకు కప్పులు, బొమ్మలు ఇచ్చిరి కదే సభల్లో. అవి ఇచ్చిన వాండ్లకు తెలుగు తెలుసునా?"

"తెలీదు చిన్నమ్మా."

"అదే అనుకుంటి." కళ్ళు తుడుచుకుంది. "అమ్మ నన్ను రమ్మనింది. నేను పోలే. కలుపనిందని రోసపడి పోలే. ఏమమ్మా అట్ల అంటివి అని ఒక్క మాట ఆమెనే అడిగుండొచ్చు కదా. నేనూ అడగలే. నువ్వూ అడగలే. హాల్లో నేనూ కన్ను మూసుకుని మీది సచ్చిన సభ అని జెపం చేస్తిని. అక్క అందులో ఉండాదని కూడా ఎంచలే."

ఎదగడం అంటే ఏమిటో నాకు ఆ గదిలో కొంచెం అర్థమైంది. ఎన్నేళ్ళు గుడికి పోయామన్నది కాదు, ఎంత పొడుగు జపం చేస్తామన్నదీ కాదు, నాలాగా ఎన్ని పుస్తకాలు చదివామన్నదీ కాదు. నాకు అనుకూలమైన అర్థం నోటికి వచ్చినప్పుడు దాన్ని అక్కడే ఆపి, ఎదుటి మనిషిని అడగగలగడం. జవాబు నాకు నచ్చకపోయినా వినగలగడం. విశ్వాసికి ఆలోచన అక్కర్లేదన్నవాడూ, ఆలోచనాపరుడికి ప్రేమ అక్కర్లేదన్నవాడూ ఒకే గోడను రెండు పక్కల నుంచి కడుతున్నారు. నేను నా పక్క చాలా ఎత్తు కట్టాను.

ఏం కావాలని చిన్నమ్మను అడిగాను.

"గుంట యాడ తవ్వినా మన్నే. దానికి నేను ఏడవను. ఊపిరుండగా ఒక్క సారి ఆ బల్ల కాడ, అమ్మ మోకరించిన చోట, అక్క పక్కన మోకరించాల." ఆగి, ఊపిరి తీసుకుంది. "నా ఒక్క పేరు రాసేదైతే ఒద్దు. తొమ్మిదిండ్లూ రాయాల."

కమిటీ ముందుకు వెళ్ళాను. సెక్రటరీ మామ ముసలివాడయ్యాడు, కుర్చీ మాత్రం వదల్లేదు. నేను చెప్పిందంతా విని, "మేమూ విన్నాం పాపా. కలుపనే అనింది," అన్నాడు.

"అవును మామా. కలుపనే అన్నది."

ఆయన నా మొహం చూశాడు. అర్థమైంది ఆయనకు. అర్థమైనందువల్లనే మాట మార్చాడు. "పోయినామె మాట ఇప్పుడేల? వాండ్లు ముందు మన్నిప్పు అడిగి లెటరు ఇస్తే ఎంచుదాం." హాలు పెద్దలను అడిగితే, ముందు మీ కమిటీ వచ్చి మమ్మల్ని పిలవాలి అన్నారు. మర్యాద ఎవరికీ తక్కువ కాలేదు. రైలుకట్ట అవతల ఒకామె ఊపిరి మాత్రం తక్కువవుతోంది.

ఈ నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం. అమ్మ ముందు వరుసలో కూర్చుంది. వరుస లేచింది, అమ్మ లేవలేదు. కొత్తగా వచ్చిన పాస్టరయ్య రొట్టె పళ్ళెం పట్టుకుని ఆమె కోసం ఆగాడు.

"నా చెల్లెలు వొచ్చినంక," అని అమ్మ మామూలు గొంతుతోనే అంది. తెలుగులో అంది. ఆ గుడిలో బల్ల ముందు తెలుగు వినబడడం నేను ఎరిగినంతలో అదే మొదటిసారి.

ఆమె వెనక ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుండిపోయారు. ఇద్దరే. మిగిలినవాళ్ళు ఆమెను దాటుకుని వెళ్ళి మోకరించారు. తలలు వంచుకుని వెనక్కి వచ్చారు. సెక్రటరీ మామ జేబులో ఉన్న పెన్ను రంగు ఏదో నేను కూర్చున్న చోటు నుంచి కనబడలేదు. వచ్చే నెల మళ్ళీ ఆ బల్ల పరుస్తారు. అప్పటిదాకా చిన్నమ్మ ఉంటుందో లేదో డాక్టరు చెప్పడం లేదు.

మా గుడి కథ ఇక్కడ ఆగి ఉంది. మీ గుడి కథ మీ చేతుల్లో ఉంది. ఈ వారమే మీ రిజిస్టరు తెప్పించండి, గీత పడిన పేరు ఒకటి చదవండి. ఆ ఇంటికి నడిచి వెళ్ళండి. జవాబులు తీసుకుపోకండి. "ఆ రోజు నువ్వు అన్నదేమిటి?" అని అడిగి, చెప్పేదంతా వినండి. లెటరు అడగకండి, పిలుపు కోసం ఆగకండి. వచ్చే ఆదివారం ఆ మనిషి మీ పక్కన కూర్చునేదాకా మీరు ఆ బల్ల దగ్గరకు లేవకండి.